మినిస్టర్ అంటే మంత్రి కాదు: ఒక దుబాసీకి చైనీస్ దౌత్య హోదాలు నేర్పిన 12 వారాలు

నా దగ్గరికి వచ్చేటప్పటికే ఆ అమ్మాయికి చైనీస్ బాగా వచ్చు. హైదరాబాద్‌లోనే చదువుకుంది, చైనీస్ ప్రావీణ్య పరీక్ష హెచ్‌ఎస్‌కే ఐదో లెవెల్ పాసయింది, చైనా సీరియల్స్ సబ్‌టైటిల్స్ లేకుండా చూస్తుంది. ఢిల్లీలో విదేశీ ప్రతినిధి బృందాల పనులు చూసే ఒక ఆఫీసులో దుబాసీగా కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. చేరిన మూడో వారంలోనే పెద్ద దెబ్బ తగిలింది. ఒక సమావేశంలో మన వైపు కూర్చున్న అధికారి వేరే దేశంలోని మన ఎంబసీలో పనిచేస్తూ ఆ పని మీద వచ్చినాయన. ఆయన కార్డు మీద ఇంగ్లీషులో 'మినిస్టర్, ఎకనామిక్' అని ఉంది. ఈమె ఆయన్ని చైనీస్‌లో 'ఆర్థిక శాఖ మంత్రి' అని పరిచయం చేసింది. ఎదుటి వరసలో ఉన్న చైనా బృందం మొత్తం లేచి నిలబడింది, వాళ్ల నాయకుడు తన మాటలు ఆపి మళ్లీ మొదటి నుంచి మర్యాదలు మొదలుపెట్టాడు. తప్పు ఎక్కడ జరిగిందో అర్థమై సరిదిద్దేసరికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయని నాతో చెప్పింది.

నేను పదకొండేళ్లుగా చైనీస్ నేర్పుతున్నాను, మధ్యలో దుబాసీ పనీ చేశాను. దౌత్య పదజాలం కోసం వచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. కానీ ఈ కేసు వివరంగా రాయాలనిపించింది, ఎందుకంటే ఇందులో ఆమె తప్పుల కన్నా మనందరం భాష నేర్చుకునే పద్ధతిలో ఉన్న ఒక లోపం స్పష్టంగా కనిపించింది. నేను చేసిన పొరపాట్లు కూడా ఉన్నాయి, అవీ రాస్తాను.

ముందు ఒక మాట. ఈ వ్యాసంలో చైనా మాటలను నా క్లాసులో రాయించే పద్ధతిలోనే తెలుగు లిపిలో రాస్తున్నాను. పక్కనున్న అంకె టోన్, అంటే మాట అర్థాన్నే మార్చేసే స్వరం ఎత్తుపల్లం: 1 అంటే పైన నిలకడగా, 2 అంటే కింది నుంచి పైకి, 3 అంటే కిందికి దిగి కాస్త లేవడం, 4 అంటే పైనుంచి ఒక్కసారిగా కిందికి. అంకె లేకపోతే టోన్ లేకుండా తేలిగ్గా పలకాలి. ఇంకోటి, రోమన్ లిపిలో రాసే 'డ' నిజానికి మన తకారం, 'బ' మన పకారం, 'గ' మన కకారం. బీజింగ్ అని మనం అనేది వాళ్ల నోట్లో దాదాపు 'పెయ్‌చింగ్'. గాలి వదిలి పలికేవి మన ఒత్తు అక్షరాలు: థ, ఖ, ఛ. ఒత్తు ఉన్నదానికీ లేనిదానికీ తేడా మనకు లిపిలో ఉంది గానీ రోజువారీ మాటల్లో ఒత్తులు సరిగ్గా పలికేవాళ్లు తక్కువ. చైనీస్‌లో ఆ అశ్రద్ధ కుదరదు.

మొదటి రోజు పరీక్ష

ఆమె ఒక లావుపాటి నోట్‌బుక్ తెచ్చింది. రెండు వందలకు పైగా మాటలు, ఇంగ్లీషు అక్షర క్రమంలో. అంబాసిడర్, అటాషే, ఛార్జ్ డి'అఫైర్స్, కాన్సుల్, కౌన్సెలర్, ఎన్వాయ్... పక్కన చైనీస్ అక్షరాలు, ఉచ్చారణ. ఎంతో శ్రద్ధగా రాసుకుంది.

నేను 40 హోదాలు తీసుకుని రెండు రకాలుగా పరీక్ష పెట్టాను. మొదట అక్షరాలు చూపించి అర్థం అడిగాను. 40లో 36 చెప్పింది. తర్వాత కార్డులు మూసేసి, 'ఈయన ఎంబసీలో రాయబారి తర్వాత రెండో స్థానంలో ఉన్న మనిషి, నీ ఎదురుగా చైనా బృందం ఉంది, పరిచయం చెయ్యి' లాంటి మాటలు తెలుగులో చెప్పి, ఒక్కోదానికి మూడు సెకన్లు ఇచ్చాను. 40లో 14 మాత్రమే సరిగ్గా వచ్చాయి. అంటే మాటలు తెలుసు, మనుషులు తెలియదు. కంటికి వచ్చు, నోటికి రాదు.

ఆ 26 తప్పులను ఒక్కొక్కటిగా చూస్తే సగానికి పైగా ఒకే చోట పుట్టాయి. ఆమె తెలుగులో విన్నదాన్ని తలలో ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషు మాటకు చైనీస్ వెతుకుతోంది. ఇంగ్లీషులో ఒక్క మాట ఉన్నచోట చైనీస్‌లో ఐదారు ఉంటాయి, అక్కడ తప్పు దారి పట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

'మినిస్టర్' సంగతే చూడండి. ప్రభుత్వంలో మంత్రి అయితే పూ4-చాంగ్3. ఎంబసీలో రాయబారి కింద ఉండే మినిస్టర్ అయితే కుంగ్1-షి3. రెండింటికీ చైనీస్‌లో ఒక్క అక్షరం కూడా కలవదు. పూ4 అంటే మంత్రిత్వ శాఖ, చాంగ్3 అంటే దాని పెద్ద. కుంగ్1-షి3లో షి3 అంటే పంపబడినవాడు, దూత. ఆ 'దూత' అనే షి3 రాయబారిలోనూ ఉంది, తా4-షి3, అంటే పెద్ద దూత. ప్రత్యేక దూతలోనూ ఉంది, థ4-షి3. ఈ ఒక్క అక్షరం పట్టుకున్నవాడు ఎంబసీ మినిస్టర్‌ను మంత్రి అని ఎప్పటికీ అనడు, ఎందుకంటే మంత్రిని ఎవరూ ఎక్కడికీ దూతగా పంపి అక్కడే ఉంచరు.

'సెక్రటరీ' ఇంకా ఘోరం. మన తెలుగులో కూడా ఇదే చిక్కు, 'కార్యదర్శి' అంటే పంచాయతీ కార్యదర్శి నుంచి విదేశాంగ కార్యదర్శి వరకు అందరూ అందులోనే ఉన్నారు. చైనీస్‌లో ఎంబసీ మొదటి కార్యదర్శి ఈ1-తెంగ్3 మీ4-షు1. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి మీ4-షు1-చాంగ్3. అమెరికా విదేశాంగ మంత్రిని ఇంగ్లీషులో సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటారు కదా, చైనీస్‌లో ఆయనకు వేరే మాటే ఉంది, క్వో2-వూ4-ఛింగ్1. బ్రిటన్ ఫారిన్ సెక్రటరీ అయితే వాయ్4-చ్యావ్1 తా4-ఛన్2, అందులో తా4-ఛన్2 అనేది రాజుగారి కొలువులో మంత్రిని పిలిచే పాత మాట. చైనా కమ్యూనిస్టు పార్టీ సెక్రటరీ అయితే షు1-చి4. మన విదేశాంగ కార్యదర్శి దగ్గరికి వచ్చేసరికి వాళ్లు వాయ్4-చ్యావ్1 మీ4-షు1 అంటారు, వార్తల్లో వాయ్4-మీ4 అని కుదించేస్తారు. ఇక్కడ జాగ్రత్త. ఎంబసీల్లో మొదటి కార్యదర్శిని కూడా మాటల్లో ఈ1-మీ4 అని కుదిస్తారు. రెండింట్లోనూ చివర మీ4 ఉంది, కానీ ఒకరు మన దేశ విదేశాంగ సర్వీసులో అందరికన్నా పై అధికారి, ఇంకొకరు ఒక ఎంబసీలో మధ్య మెట్టు మీద ఉన్న అధికారి. భారత వ్యవస్థ తెలియని చైనా అతిథికి మీ4-షు1 అనగానే ఫైళ్లు పట్టుకుని పెద్దాయన వెనక నడిచే మనిషి గుర్తొస్తాడు. అందుకే మన విదేశాంగ కార్యదర్శిని పరిచయం చేసేటప్పుడు హోదా చెప్పి ఊరుకోకుండా, విదేశాంగ శాఖలో అధికారులందరికీ పెద్ద అని ఒక్క ముక్క కలపమని చెబుతాను.

ఇక 'కౌన్సెలర్'. ఆమె నోట్‌బుక్‌లో దీనికి కు4-వన్4 అని రాసి ఉంది. అది సలహాదారు, కంపెనీల్లో కన్సల్టెంట్ లాంటివాళ్లకు వాడే మాట. దౌత్య హోదా అయితే ఛాన్1-చాన్4. అందులో మొదటి అక్షరానికి పాలుపంచుకోవడం అని, రెండోదానికి పూర్వం తోడ్పడటం అని అర్థం. ఆ రెండో అక్షరమే ఇవాళ చైనా ఫోన్లలో 'లైక్' కొట్టడానికి వాడే అక్షరం. ఈ మాట చెప్పగానే ఆమె ముఖం వెలిగింది, ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ కు4-వన్4 అనలేదు.

కుర్చీల పటం

ఈ పరీక్ష తర్వాత నోట్‌బుక్ పక్కన పెట్టించాను. బాగా బాధపడింది, ఎన్నో రాత్రులు కూర్చుని రాసుకున్నది. కానీ మాట నుంచి మాటకు వెళ్లినంత కాలం ఈ తప్పులు ఆగవు. కుర్చీ నుంచి మాటకు వెళ్లాలి. ఎంబసీ అనే ఇంట్లో ఏ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, ఎవరి పక్కన ఎవరు, ఎవరు లేకపోతే ఎవరు ఆ కుర్చీలోకి వస్తారు, ఇది ముందు తెలియాలి. తర్వాత ఆ కుర్చీకి చైనీస్ పేరు పెట్టుకోవాలి. మధ్యలో ఇంగ్లీషు అక్కర్లేదు.

దీనికి నేను వాడింది రెండే కాగితాలు. ఒకటి 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చైనా చట్టం, విదేశాల్లో పనిచేసే తమ దౌత్యాధికారుల కోసం వాళ్లు చేసుకున్నది. అందులో దౌత్య హోదాలకు ఏడు మెట్లు రాసి ఉన్నాయి: తా4-షి3, కుంగ్1-షి3, ఛాన్1-చాన్4, తర్వాత మొదటి, రెండో, మూడో కార్యదర్శులు, అట్టడుగున స్వెయ్2-య్వెన్2. ఆ చివరి మాటకు 'వెంట నడిచే మనిషి' అని అర్థం, ఇంగ్లీషు అటాషే. కాన్సులేట్ వైపు ఇంకో వరస, చుంగ్3-లింగ్3-షి4 అంటే కాన్సుల్ జనరల్, కింద లింగ్3-షి4 అంటే కాన్సుల్. ఈ రెండు వరసలనీ ఒక పెద్ద చార్టు మీద రెండు నిచ్చెనల్లా గీయించాను. మొదటి నిచ్చెనలో రెండో, మూడో మెట్ల మధ్యలో ఒక ఇరుకు మెట్టు కూడా ఉంటుంది, కుంగ్1-షి3 శ్యెన్2 ఛాన్1-చాన్4, అంటే మినిస్టర్ హోదా ఉన్న కౌన్సెలర్. శ్యెన్2 అనే అక్షరం 'ఆ స్థాయి కలిగిన' అని చెబుతుంది. అది వినిపించిందంటే అసలు పదవి దాని తర్వాత వచ్చే మాట అని గుర్తుపెట్టుకోవాలి.

రెండో కాగితం 1961 నాటి వియన్నా ఒప్పందం, చైనీస్ పాఠం. ఆ ఒప్పందానికి ఐదు భాషల పాఠాలూ సమానంగా ప్రామాణికం, వాటిలో చైనీస్ ఒకటి. అంటే అది అనువాదం కాదు, అసలు పాఠమే. ఐక్యరాజ్యసమితిలో చైనా సీటు అప్పటికి తైవాన్ ప్రభుత్వం చేతిలో ఉంది, అందుకే ఆ భాష పాత వాసన కొడుతుంది, మొదట్లో ఆమెకు చదవడం కష్టమైంది. కానీ 14వ అధికరణం ఒక్కటి చదివితే చాలు, ఎంబసీ పెద్దలకు మూడు తరగతులు ఉంటాయని, ఎవరిని ఎవరి దగ్గరికి పంపుతారో స్పష్టంగా తెలుస్తుంది. రాయబారిని ఆ దేశాధినేత దగ్గరికి పంపుతారు. మూడో తరగతి వాడైన తాయ్4-పాన్4ను, అంటే ఛార్జ్ డి'అఫైర్స్‌ను, విదేశాంగ మంత్రి దగ్గరికే పంపుతారు.

ఈ తాయ్4-పాన్4 దగ్గర మేం దాదాపు వారం రోజులు ఆగాం. ఆగాల్సిన చోటే అది. ఎందుకంటే ముందు లిన్2-షి2 అనే రెండు అక్షరాలు ఉన్నాయా లేవా అన్నదాని మీద రెండు దేశాల మధ్య సంబంధం ఎలా ఉందో తెలిసిపోతుంది. లిన్2-షి2 అంటే తాత్కాలికం. లిన్2-షి2 తాయ్4-పాన్4 అంటే రాయబారి సెలవు మీద వెళ్లాడు, లేదా పాతాయన వెళ్లి కొత్తాయన ఇంకా రాలేదు, అందాకా ఇంటి బాధ్యత చూసుకునే అధికారి. 2022 అక్టోబర్ చివర్లో సున్ వెయ్‌తుంగ్ ఢిల్లీ నుంచి వెళ్లాక 2024 మేలో షు ఫెయ్‌హుంగ్ వచ్చేవరకు, దాదాపు 18 నెలలు, ఢిల్లీలో చైనా రాయబారి లేరు. సరిహద్దు గొడవల వల్ల సంబంధాలు ఎంత చెడినా, ఆ కాలంలో వాళ్ల ఎంబసీని నడిపించిన అధికారి హోదా తాత్కాలిక తాయ్4-పాన్4 మాత్రమే. రాయబారి కుర్చీ ఖాళీగా ఉంది గానీ తీసెయ్యలేదు.

ఆ 'తాత్కాలిక' అనే ముక్క లేకపోతే కుర్చీనే మార్చేశారని అర్థం. 2021 నవంబర్‌లో లిథువేనియాలో తైవాన్ పేరుతో ఒక కార్యాలయం తెరిచినప్పుడు చైనా చేసింది అదే. ఆ దేశంతో సంబంధాలను తాయ్4-పాన్4 స్థాయికి దించుతున్నామని ప్రకటించింది. బ్రిటన్‌తో కూడా 1954 నుంచి అదే స్థాయిలో ఉండి, 1972 మార్చిలో గానీ రాయబారుల స్థాయికి పెంచుకోలేదు. ఒక దుబాసీ ఇలాంటి చోట లిన్2-షి2 మర్చిపోతే 'మా రాయబారి ఊళ్లో లేరు' అనాల్సింది 'మీతో సంబంధాలు తగ్గించుకున్నాం' అన్నట్టు వినిపిస్తుంది.

మన చరిత్రలో కూడా ఈ కుర్చీకి పెద్ద కథ ఉంది. 1962 యుద్ధం తర్వాత చాలా ఏళ్లు రెండు దేశాల రాజధానుల్లో రాయబారులు లేరు. 1970 మే 1న బీజింగ్‌లో థియెన్‌ఆన్‌మెన్ దగ్గర వరసగా నిలబడ్డ దౌత్యవేత్తల్లో మన తరఫున ఉన్నది ఛార్జ్ డి'అఫైర్స్ బ్రజేష్ మిశ్రా. మావో ఆయన దగ్గర ఆగి నవ్వుతూ చెయ్యి కలిపి, స్నేహం గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. ఆ నవ్వు గురించి ఇప్పటికీ రాస్తారు. మళ్లీ రాయబారి వెళ్లింది 1976లో, ఆయన తర్వాతి కాలంలో మన రాష్ట్రపతి అయిన కె.ఆర్.నారాయణన్. ఈ కథ చెప్పాక ఆమెను అడిగాను, ఆ రోజు నువ్వు మిశ్రా గారి పక్కన ఉండి ఉంటే మావోకు ఆయన్ని ఏమని పరిచయం చేసేదానివి అని. ఒక్క క్షణం కూడా ఆగకుండా చెప్పింది. రెండు వారాల కిందట ఇదే మాటకు నోట్‌బుక్ తిరగేసింది.

నోరు తిరగడం

ఇక ఉచ్చారణ. ఈ పదజాలంలో టోన్ తప్పితే మామూలు తప్పులు రావు. తా4-షి3 రాయబారి, తా4-షి1 అంటే కళలోనో విద్యలోనో గురుతుల్యుడు, తా4-షి4 అంటే పెద్ద విషయం. కుంగ్1-షి3 మినిస్టర్, కుంగ్1-షి4 గణిత సూత్రం. లింగ్3-షి4 కాన్సుల్, లింగ్2-షి2 అంటే చిరుతిండి. మూడోవారంలో తొందరలో ఆమె ఒకసారి 'చిరుతిండి గారు' అనేసి కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆ రోజు పాఠం ఆపేశాను, ఎందుకంటే సిగ్గుపడుతున్న నోటికి టోన్ రాదు. ఇంకో మాట ఉంది, వూ3-క్వాన్1, ఎంబసీలో సైనిక అధికారి. ముఖంలోని కళ్లు, ముక్కు, చెవులు, నోరు అన్నీ కలిపి వాళ్లు పిలిచే మాట కూడా అచ్చంగా వూ3-క్వాన్1. టోన్ కూడా తేడా లేదు. అక్కడ టోన్ ఆదుకోదు, ముందు ఎంబసీ పేరో దేశం పేరో చేర్చి చెప్పడమే దారి. దాన్నే వూ2-క్వాన్1 అంటే 'సంబంధం లేదు' అయిపోతుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక గొప్ప సదుపాయం ఉంది, అది చాలామందికి తెలియదు. 'చాప', 'చుక్క', 'చొక్కా' అన్నప్పుడు మనం పలికే చ వేరు, 'చిలుక', 'చెట్టు' అన్నప్పుడు పలికే చ వేరు. మొదటిది పళ్లకు తగిలే చ. ఛాన్1-చాన్4లో రెండో అక్షరం అచ్చంగా ఆ చాపలో చ. మొదటి అక్షరం కూడా అదే, కాస్త గాలి ఎక్కువ. చుంగ్3లో ఉన్నదీ చుక్కలో చ. ఉత్తరాది నుంచి వచ్చిన నా విద్యార్థులకు దీని మీద వారాలు పడతాయి, మనవాళ్లకు ఒక్క రోజు. పూ4-చాంగ్3లో చ మాత్రం ఈ రెండూ కాదు, నాలుక కొన పైకి మడిచి ట పలికే చోట చ అనాలి. ఆమెకు ఇది రెండు రోజుల్లో వచ్చింది.

టోన్‌లు కలిసినప్పుడు మారడం ఇంకో విషయం. రెండు మూడో టోన్‌లు పక్కపక్కన వస్తే మొదటిది రెండో టోన్ అయిపోతుంది. దీన్ని ఇంగ్లీషు వ్యాకరణాల్లో కూడా 'సంధి' అనే అంటారు, మన మాటే. మనకు అక్షరాలు కలిసి మారితే వాళ్లకు టోన్‌లు కలిసి మారతాయి. హోదాల్లో ఈ జంట ఎన్నిసార్లు వస్తుందో చూడండి: ప్రధానమంత్రి చుంగ్3-లీ3, రాష్ట్రపతి చుంగ్3-థుంగ్3, ప్రావిన్స్ గవర్నర్ షంగ్3-చాంగ్3, ఎంబసీ పెద్ద క్వాన్3-చాంగ్3, కాన్సుల్ జనరల్‌లో మొదటి రెండు అక్షరాలు. పెద్ద పదవులు చాలా ఈ సంధిలోనే ఉన్నాయి. కాబట్టి ఈ ఒక్క సంధినే ఐదు రోజులు గట్టిగా చేయించాను, ఉదయం నడకలో ఫోన్‌లో రికార్డు చేసి పంపమని. క్వాన్3-చాంగ్3 అంటే మ్యూజియం పెద్ద, లైబ్రరీ పెద్ద కూడా అవుతారు, అందుకని ముందు ఎంబసీ అని చేర్చడం అలవాటు చేశాం.

వరస క్రమం విషయంలో కూడా ఇంగ్లీషును దూరం పెట్టడం లాభించింది. ఇంగ్లీషులో పదవి ముందు, పేరు తర్వాత. పిలిచేటప్పుడు చైనీస్‌లో ఇంటిపేరు ముందు, పదవి తర్వాత, షు రాయబారి, వాంగ్ మంత్రి అన్నట్టు. మన ఊళ్లో 'రెడ్డి సర్పంచ్ గారు', 'శర్మ మాస్టారు' అంటాం కదా, సరిగ్గా అదే. 'భారత్‌లో చైనా రాయబారి' అన్న తెలుగు మాటలో పదవి చివర వచ్చినట్టే చైనీస్‌లో కూడా దేశాలు ముందు, పదవి చివర. తెలుగు నుంచి నేరుగా వెళ్తే తిరగేసుకోవాల్సిన పని చాలా తగ్గుతుంది.

రాష్ట్రాల సంగతి విడిగా చేయించాను, ఎందుకంటే తెలుగు దుబాసీలకు ఇదే ఎక్కువగా తగులుతుంది. 2015లో మన రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ పెట్టుబడుల కోసం చైనా వెళ్లారు, అలాంటి బృందాలతో వెళ్లాల్సి వస్తే ఏం చెయ్యాలి? ముఖ్యమంత్రి షౌ3-శి2 పూ4-చాంగ్3. మన గవర్నర్ పాంగ్1-చాంగ్3. చైనా ప్రావిన్స్ గవర్నర్ షంగ్3-చాంగ్3. ఇంగ్లీషులో ఇద్దరూ గవర్నర్లే కాబట్టి జత కలిపేయాలనిపిస్తుంది. కానీ అక్కడి గవర్నర్ రోజువారీ పాలన నడిపే మనిషి, పనిలో మన ముఖ్యమంత్రికి జత. పైగా ఆ ప్రావిన్స్‌లో ఆయనకన్నా పెద్ద ఇంకొకరు ఉంటారు, పార్టీ కార్యదర్శి, షంగ్3-వెయ్3 షు1-చి4. ఈ చివరి ముక్క తెలియక, కార్యదర్శే కదా అని ఆయన్ని వరసలో వెనక్కి రాసిన జాబితాను నేను కళ్లారా చూశాను.

ఏవి పనిచేయలేదు

మొదటి రెండు వారాలు నేను అక్షరాల పుట్టుక మీద ఎక్కువ సమయం పెట్టాను. రాయబారి అక్షరంలో మనిషి గుర్తు ఎక్కడుంది, కార్యదర్శిలో మొదటి అక్షరానికి రహస్యం అన్న అర్థం ఎందుకుంది, ఇలాంటివి. ఆమెకు చాలా నచ్చింది, నాకూ చెప్పడం ఇష్టం. కానీ రెండో వారం చివర పరీక్షలో కథలన్నీ గుర్తున్నాయి, మాటలు మూడు సెకన్లలో రావడం లేదు. నేర్చుకుంటున్నామన్న తృప్తి ఇద్దరికీ కలిగింది గానీ పని జరగలేదు. ఇప్పుడు కొత్త విద్యార్థికి ఒక మాటకు ఒక కథే, అదీ తప్పు చేసిన మాటకే.

తెలుగు లిపిలో రాయించడం కూడా ఐదో వారానికి ఎదురు తిరిగింది. ఒత్తులు, పళ్ల చ, ఇవి పట్టుకోవడానికి అది బాగా ఉపయోగపడింది. కానీ 'షి' అని చూసి చూసి ఆమె నిజంగానే ఇకారం పలకడం మొదలుపెట్టింది. అక్కడ ఇకారం లేదు, నాలుక మడిచి ష్ అంటూ గొంతు కలపడమే. హోదాల్లో షి ఎన్నిసార్లు వస్తుందో చూశారు కదా. ఐదో వారం నుంచి తెలుగు రాత ఆపేసి, అక్షరాలు, వినడం మాత్రమే ఉంచాం.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు నాది ఇంకోటి. చైనాలో ఉప మంత్రిని ఎదుట నిలబడి పిలిచేటప్పుడు 'ఉప' అనే ఫు4 వదిలేసి మంత్రి గారూ అనడం మర్యాద. ఇది ఆమెకు ఉత్సాహంగా చెప్పాను. పరిచయం చేసేటప్పుడు, జాబితా చదివేటప్పుడు మాత్రం ఫు4 కచ్చితంగా ఉండాలని కూడా చెప్పాను, కానీ ఒక్కసారే, వాక్యం చివర. దాని ఫలితం కింద రాస్తున్నాను.

పన్నెండో వారం చివర అదే 40 హోదాలు, అదే మూడు సెకన్లు. 37 వచ్చాయి. తప్పిన మూడింట్లో రెండు సంధి దగ్గర, ఒకటి వూ3-క్వాన్1 దగ్గర. ఆ తర్వాత వారం రోజులకు ఆమె ఆఫీసులో నిజమైన సమావేశం, ఇరువైపులా కలిపి తొమ్మిది మంది పరిచయాలు. ఎనిమిది సరిగ్గా చెప్పింది. తొమ్మిదోది ఒక ఉప కాన్సుల్ జనరల్, ఫు4 వదిలేసి నేరుగా కాన్సుల్ జనరల్ అనేసింది. ఆయన మెల్లగా 'ఫు' అని తనే కలిపి చెప్పి తల ఊపాడట. ఈమె క్షమాపణ చెప్పి పేరు, పదవి మళ్లీ మొదటి నుంచి సరిగ్గా చెప్పి కొనసాగించింది. ఆ రాత్రి ఫోన్ చేసి "మేడమ్, తప్పు చేశాను గానీ ఈసారి చేతులు చల్లబడలేదు" అంది. ఆ తప్పు నీది కాదమ్మా, నేను నేర్పిన తీరులో ఉంది అని చెప్పాను, నిజంగా అదే నా అభిప్రాయం. ఇప్పుడు పిలుపునూ పరిచయాన్నీ వేర్వేరు రోజుల్లో నేర్పుతున్నాను. పరిచయం ముందు, అది నోటికి స్థిరపడ్డాక రెండు వారాలకు పిలుపు.

పోయిన నెల ఒక విందుకు కుర్చీల జాబితా తయారు చేస్తూ రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది. ఒక మహిళా రాయబారి తన భర్తతో వస్తున్నారు, ఆయన్ని ఏమనాలి అని. పురుష రాయబారి భార్య అయితే తా4-షి3 ఫు1-రన్, అందులో అనుమానం లేదు. భర్త విషయంలోనే చిక్కు. చైనీస్‌లో శ్యెన్1-షంగ్ అంటే 'గారు' అనీ, 'భర్త' అనీ రెండు అర్థాలు. తా4-షి3 శ్యెన్1-షంగ్ అంటే 'రాయబారి గారు' అయిపోతుంది, ఆమె పక్కన ఇంకో రాయబారి పుట్టుకొస్తాడు. మధ్యలో 'యొక్క' అనే చిన్న త చేర్చి తా4-షి3 త శ్యెన్1-షంగ్ అనమన్నాను. రెండు నిమిషాలకు జాబితా ఫొటో పంపింది, ఆ త కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసి ఉన్నాయి.